సోమనాథ్, గిర్, ద్వారక: బెజవాడ నుంచి వెళ్లేవాళ్లకి కొన్ని లెక్కలు

గుజరాత్ యాత్ర అనగానే మనవాళ్లు ముందు రైలు టికెట్లు తీస్తారు. తర్వాత సోమనాథ్‌లో గది చూస్తారు. అన్నీ అయ్యాక "ఎటూ అంతదూరం వెళ్తున్నాం కదా, సింహాల్ని కూడా చూసొద్దాం" అని గిర్ మాట ఎత్తుతారు. అప్పటికి ఆ తేదీల్లో పర్మిట్లు అయిపోయి ఉంటాయి. ఈ వరస తిరగేస్తే సగం తిప్పలు తప్పుతాయి. ముందు గిర్ పర్మిట్, దాన్నిబట్టి రైలు, రైలునిబట్టి గదులు. గుడి ఏ రోజు వెళ్లినా తెరిచే ఉంటుంది. అడవిలోకి మాత్రం పూటకి ఇన్ని జీపులే అని లెక్క ఉంది, ఆ లెక్క దాటి ఎవరి సిఫార్సూ పనిచేయదు.

సౌరాష్ట్రలో, అంటే ఈ ఊళ్లన్నీ ఉన్న గుజరాత్ పడమటి భాగంలో, దూరాలు మరీ ఎక్కువేం కావు. వెరావల్ స్టేషన్ నుంచి సోమనాథ్ గుడికి ఆరేడు కిలోమీటర్లు. వెరావల్ నుంచి, సఫారీలు మొదలయ్యే ఊరైన సాసన్ గిర్‌కి 45 దాకా, సోమనాథ్ నుంచి డయ్యూకి 85 దాకా ఉంటాయి. సోమనాథ్ నుంచి పోర్‌బందర్ మీదుగా ద్వారకకి 230 పైచిలుకు. రోడ్లు బాగానే ఉంటాయి. చిక్కంతా వేళలతోనే. గిర్‌లో సఫారీ పూటలకి ఒక గడియారం, ద్వారకలో గుడి తలుపులకి ఇంకొకటి, జామ్‌నగర్ దగ్గర పగడపు దిబ్బలకి ఆటుపోట్లది మరొకటి. ఈ మూడూ కలిసేలా రోజులు పేర్చుకోవాలి. మ్యాప్ చూసి "ఇది దగ్గరే కదా" అని పేర్చుకుంటే మధ్యాహ్నం పూట మూసిన తలుపుల ముందు కూర్చోవాల్సి వస్తుంది.

రైలు

బెజవాడ నుంచి అహ్మదాబాద్‌కి రోజూ ఉన్నది నవజీవన్ ఎక్స్‌ప్రెస్. చెన్నై నుంచి వస్తుంది. మన దగ్గర సాయంత్రం ఎక్కితే వరంగల్, బల్హార్షా, భుసావల్, సూరత్, వడోదర మీదుగా మర్నాడు సాయంత్రానికి అహ్మదాబాద్. అదే రాత్రి వెరావల్‌కి సోమనాథ్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది కాబట్టి అహ్మదాబాద్‌లో గది తీసుకోకుండానే తెల్లారేసరికి సోమనాథ్ చేరొచ్చు. అయితే రెండూ వేర్వేరు టికెట్లు. నవజీవన్ ఆలస్యమైతే రెండో రైలు మీకోసం ఆగదు. నడుమ మూడు గంటల కంటే తక్కువ తేడా పెట్టుకోకండి. ఇంకొకటి: అహ్మదాబాద్ పేరుతో స్టేషన్లు చాలా ఉన్నాయి. కాలూపూర్‌లో ఉన్నది అసలు అహ్మదాబాద్ జంక్షన్, సబర్మతి వేరు, గాంధీనగర్ క్యాపిటల్ వేరు. టికెట్ మీద ఏ స్టేషన్ ఉందో చదవకుండా ఆటో ఎక్కొద్దు. 2025 మేలో మొదలైన వెరావల్ వందేభారత్ సబర్మతి నుంచే నడుస్తుంది.

పూరీ నుంచి ఓఖా వెళ్లే ద్వారకా ఎక్స్‌ప్రెస్ కూడా బెజవాడ మీదుగానే వెళ్తుంది. వారానికి ఒక్కరోజే. రోజు కుదిరితే నేరుగా ద్వారకలో దిగొచ్చు, బళ్లు మారే బెడద లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఇదే మేలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు (2024 నవంబరు దాకా 120 రోజులు ఉండేది, చాలామంది ఇంకా ఆ లెక్కలోనే ఉన్నారు). వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి పెట్టుకుంటే, అంటే ద్వారకా ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి నవజీవన్‌లో తిరిగొస్తే, సౌరాష్ట్రలో వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు.

విమానంలో అయితే హైదరాబాద్ మీదుగా అహ్మదాబాద్ గానీ రాజ్‌కోట్ గానీ. రాజ్‌కోట్ కొత్త విమానాశ్రయం ఊళ్లో కాదు, హిరాసర్ దగ్గర, ముప్పై కిలోమీటర్ల అవతల ఉంది. అక్కడి నుంచి ట్యాక్సీ ముందే మాట్లాడుకోవాలి. ట్యాక్సీవాళ్లు రోజుకి 250 లేదా 300 కిలోమీటర్లు కనీసం అని కడతారు. మీరు సాసన్‌లో రోజంతా బండి ఆపి కూర్చున్నా ఆ కనీసం పడుతుంది. కాబట్టి సఫారీ రోజుకి బండి వదిలేసి, ఊరు మారే రోజులకి మాత్రమే మాట్లాడుకోవడం చవక. డ్రైవర్ బత్తా, టోల్, పార్కింగ్ అందులో కలిపారో లేదో నోటితో అడిగి ఊరుకోకుండా వాట్సాప్‌లో రాయించుకోండి.

గిర్

ఆసియా సింహం అడవిలో స్వేచ్ఛగా తిరిగేది ప్రపంచం మొత్తమ్మీద ఈ సౌరాష్ట్రలోనే. 2020 లెక్కకి 674 ఉండేవి, 2025 మే లెక్కకి 891 అయ్యాయి. సంఖ్య చూసి ఎగిరి గంతేయక్కర్లేదు. అందులో సగం కంటే ఎక్కువ గిర్ అభయారణ్యం హద్దుల బయట, పొలాల్లో, సముద్రపు ఒడ్డు చుట్టుపక్కల తిరుగుతున్నాయి. అడవి మొత్తం 1,412 చదరపు కిలోమీటర్లయితే, జీపులు తిరిగే భాగం అందులో చిన్న ముక్క. కాబట్టి ఒక్క సఫారీ చేసి సింహం కనబడలేదని తిట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రెండు పూటలకి పర్మిట్ తీసుకోండి: ఒకటి తెల్లవారుజామున, ఒకటి మధ్యాహ్నం తర్వాత. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే పిల్లలు, పెద్దవాళ్లు అలిసిపోతారు. సాయంత్రం ఒకటి, మర్నాడు ఉదయం ఒకటి అయితే మధ్యలో ఒక రాత్రి నిద్ర ఉంటుంది.

అడవి జూన్ 16 నుంచి అక్టోబరు 15 దాకా మూసేస్తారు. మిగతా కాలంలో రోజుకి మూడు పూటలు, ఒక్కోటి మూడు గంటలు. పర్మిట్ గుజరాత్ అటవీశాఖ సైట్‌లోనే తీసుకోవాలి: గిర్‌లయన్ డాట్ గుజరాత్ డాట్ గవ్ డాట్ ఇన్. గూగుల్‌లో "గిర్ సఫారీ బుకింగ్" అని కొడితే ముందొచ్చేవి చాలావరకు ఏజెంట్లవి. చూడ్డానికి ప్రభుత్వ సైట్‌లాగే ఉంటాయి, చివర "గవ్ డాట్ ఇన్" ఉండదు. వాటిలో రేటు ఎక్కువ కావడం ఒక బాధ, పర్మిట్ వస్తుందో రాదో చివరిదాకా తేలకపోవడం ఇంకో బాధ.

ఒక పర్మిట్ అంటే ఒక జిప్సీ జీపు, ఆరుగురు పెద్దవాళ్ల దాకా. ఇద్దరు వెళ్లినా ఆరుగురు వెళ్లినా పర్మిట్ ఒక్కటే కాబట్టి ఆరుగురు కూడితే తలకి బాగా తగ్గుతుంది. శని, ఆదివారాలు, పండగ రోజుల్లో రేటు ఎక్కువ. పర్మిట్ రుసుములో జిప్సీ అద్దె, గైడ్ రుసుము కలవవు, అవి విడిగా కట్టాలి. పెద్ద కెమెరాకీ వేరే రుసుము. ఇవన్నీ తెలియక "ఇదివరకే కట్టాం కదా" అని కౌంటర్ దగ్గర వాదనకి దిగేది ఎక్కువగా మనవాళ్లే.

పేర్ల దగ్గర మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో పొడి అక్షరాలు ఉంటాయి, రోజువారీ వాడుకలో మూడో పేరు ఉంటుంది. ఫారంలో ఏ కార్డు నంబరు ఇస్తున్నారో ఆ కార్డు మీద ఉన్న పేరే, అదే వరసలో కొట్టండి. గేటు దగ్గర ఆ కార్డు అసలుది చూపించాలి, ఫోన్‌లో ఫొటో ఉంది అంటే నడవదు. పేర్లు తర్వాత మార్చడం కుదరదు. చివరి నిమిషంలో బావగారి బదులు తమ్ముడు వస్తానంటే జిప్సీలో చోటు ఖాళీగా పోతుంది, అంతే.

సాసన్‌లో సింహ్ సదన్ అనే అటవీశాఖ అతిథిగృహం దగ్గర రిపోర్ట్ చేయాలి. పూట మొదలయ్యే వేళకి కాదు, కనీసం అరగంట ముందు. జిప్సీ, గైడ్ వరసప్రకారం వస్తారు, ఏ రూట్‌లో వెళ్లాలో కూడా వాళ్లే కేటాయిస్తారు. "ఫలానా రూట్‌లో సింహాలు ఎక్కువట" అని దానికోసం పట్టుబట్టి లాభం లేదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున చలి 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, పైగా జిప్సీకి పైకప్పు ఉండదు. బెజవాడలో స్వెటర్ పెట్టె అడుగున ఉంటుంది, మర్చిపోకుండా తీయండి. మంకీ క్యాప్, మెడకి మఫ్లర్, ముక్కుకి కట్టుకోడానికి జేబురుమాలు. ముందు జీపు లేపిన ఎర్రటి దుమ్ము మీ నోట్లోకే వస్తుంది. మూడు గంటలపాటు బండి దిగనివ్వరు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని టీ తాగండి.

నల్లమల చూసినవాళ్లకి ఈ అడవి కొత్తగా అనిపించదు. టేకుచెట్లు, ఎండిన వాగులు, తుప్పలు, ఆకులు రాలిన నేల. ఆ రాలిన టేకాకుల రంగూ సింహం ఒంటి రంగూ ఒకటే. అందుకే పదిహేను ఇరవై అడుగుల్లో పడుకుని ఉన్నా కొత్తవాళ్లకి కనబడదు. గైడ్ వేలు పెట్టి చూపించాక, అదీ చెవి విదిలించినప్పుడు, ఓ అక్కడుందా అనిపిస్తుంది. సింహం పగలంతా పడుకునే జీవి, దాన్ని వెతకడం కంటే మిగతావాటిని వినడం మేలు. దుప్పి తోక ఎత్తి ఒక్కసారి గట్టిగా కూసి, ఒకేవైపు చూస్తూ నిలబడిందంటే అటు ఏదో ఉంది. కొండముచ్చులు చెట్టు మీద నుంచి దగ్గినట్టు అరిచినా అంతే. అలాంటప్పుడు డ్రైవర్ ఇంజిన్ ఆపేస్తాడు, జీపులో మాటలు కూడా ఆపాలి. మన గ్రూపుల్లో ఇదే కష్టం. దగ్గరగా కనబడితే పొట్ట కింద చూడండి: ముందుకాళ్ల నుంచి వెనక్కి పొడుగ్గా వేలాడే తోలు మడత ఒకటి ఉంటుంది. ఆఫ్రికా సింహానికి ఇది సాధారణంగా ఉండదు. మగదానికి జూలు పల్చగా ఉండి చెవులు బయటికి కనిపిస్తాయి.

సింహం లేకపోయినా చూడాల్సినవి ఉన్నాయి: కణితులు, మనుబోతులు, నెమళ్లు, హిరణ్ నది మీద కమలేశ్వర్ డ్యామ్‌లో ఒడ్డునే ఎండకాగే మొసళ్లు. లోపల మాల్ధారీల గూడేలు కనిపిస్తాయి. గేదెల్ని మేపుకుంటూ సింహాల మధ్యే బతికే పశుపాలకులు వాళ్లు. వాళ్ల ఇళ్ల వైపు కెమెరా తిప్పేముందు ఒకమాట అడగండి.

దేవలియా సఫారీ పార్క్ వేరే. సాసన్‌కి పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. సుమారు నాలుగు చదరపు కిలోమీటర్ల కంచె లోపల సింహాలు, చిరుతలు, జింకలు. అక్కడ బస్సు కూడా నడుస్తుంది. జిప్సీ ఎక్కడం ఎత్తు, కుదుపులు ఎక్కువ కాబట్టి మోకాళ్లనొప్పులవాళ్లకి, చంటిపిల్లలున్నవాళ్లకి ఇదే సరైనది. సింహం కనబడకుండా రావడం అరుదు. అయితే కంచె కంచే, అడవితో పోల్చి చూడొద్దు. బుధవారం సెలవు. అసలు అడవి మూసిన వానాకాలంలో కూడా ఇది తెరిచే ఉంటుంది కాబట్టి, జూలైలో "గిర్ సఫారీ ఉంది రండి" అని ఎవరైనా అంటే వాళ్లు చెప్పేది దేవలియా గురించే.

రాత్రిపూట పొలాల్లో సింహాల్ని చూపిస్తామని సాసన్ చుట్టుపక్కల కొందరు వచ్చి అడుగుతారు. ఎర వేసి, లైట్లు కొట్టి చూపించే తతంగం అది. వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం, చూడ్డానికి వెళ్లినవాళ్ల మీద కూడా కేసు పెడతారు. దగ్గరికి రానివ్వకండి.

ఏ నెలలో వెళ్లాలి? చాలామంది చెప్పేది డిసెంబరు, జనవరి. కానీ సింహమే ముఖ్యం అనుకునేవాళ్లకి ఏప్రిల్, మే మెరుగు. ఆకులన్నీ రాలిపోయి చూపు దూరం వెళ్తుంది, జంతువులు నీటి గుంటల దగ్గరికి వస్తాయి. ఎండ నలభై దాటుతుంది, బెజవాడ ఎండలు తిన్నవాళ్లకి అదేం లెక్క. పైగా అది కేసర్ మామిడి కాలం. సాసన్ నుంచి వెరావల్ వచ్చే దారిలో తలాలా ఉంది, 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చిన గిర్ కేసర్‌కి అదే పెద్ద మార్కెట్. నూజివీడు రసాల మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఒక పెట్టె కొనకుండా రారు. దీపావళి నుంచి లాభ పంచమి దాకా మాత్రం వద్దు. గుజరాత్ అంతా ఆ వారం సెలవు పెట్టి రోడ్డెక్కుతుంది. మన సంక్రాంతి సెలవులకి వెళ్దామన్నా అంతే, జనవరి 14, 15 వాళ్లకి ఉత్తరాయణ్.

సోమనాథ్

హారతులు ఉదయం 7కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 7కి. సాయంత్రం హారతి చూసుకుని, ఆ తర్వాత ఆవరణలో జరిగే లైట్ అండ్ సౌండ్ షో చూస్తే ఆ పూట నిండుగా ఉంటుంది. షో వానాకాలంలో ఉండదు. గది కోసం సోమనాథ్ ట్రస్టు అతిథిగృహాలు ముందు చూడండి, సాగర్ దర్శన్, లీలావతి, మాహేశ్వరి అని ఉన్నాయి. ట్రస్టు సైట్‌లోనే బుక్ అవుతాయి, గుడికి నడిచి వెళ్లొచ్చు.

లోపలికి ఫోన్, కెమెరా, స్మార్ట్‌వాచ్, తోలు బెల్టు, బ్యాగు ఏదీ వద్దు. క్లోక్‌రూమ్‌లో పెట్టాలి. ఇందువల్ల రెండు ఇబ్బందులు. ఒకటి, ఫోన్‌పే ఫోన్‌తోపాటే బయట ఉండిపోతుంది, కాబట్టి ప్రసాదానికి, పూజకి చిల్లర నోట్లు జేబులో ఉండాలి. రెండు, లోపల తప్పిపోతే ఫోన్ చేసి పిలుచుకునే వీలు లేదు. వెళ్లేముందే "బయటికొచ్చాక సర్దార్ పటేల్ విగ్రహం దగ్గర" అని ఒక చోటు అనుకోండి. విగ్రహం గుడి ముందే ఉంటుంది, ఎవరికైనా దొరుకుతుంది. శ్రీశైలంలో స్పర్శదర్శనం అలవాటైన మనవాళ్లు ఇక్కడ కూడా లింగాన్ని తాకొచ్చా అని అడుగుతారు. కుదరదు, గర్భగుడి బయటనుంచే దర్శనం.

ఇప్పుడున్న గుడి అప్పటి కేంద్రమంత్రులు పటేల్, మున్షీల పట్టుదలతో కట్టింది. 1951 మే 11న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా ప్రతిష్ఠ జరిగింది. పక్క వీధిలో 1783లో అహల్యాబాయి హోల్కర్ కట్టించిన పాత సోమనాథ్ ఉంది. అక్కడ రద్దీ తక్కువ, పది నిమిషాలు నెమ్మదిగా కూర్చోవచ్చు. దాన్ని వదిలేసి వచ్చేవాళ్లే ఎక్కువ. సముద్రం వైపు గోడ దగ్గర బాణస్తంభం చూడండి. అక్కడి నుంచి దక్షిణంగా అంటార్కిటికా దాకా నేల అడ్డురాదని దాని మీది రాత చెబుతుంది. కృష్ణుడికి బాణం తగిలిన చోటుగా చెప్పే భాల్కా తీర్థం వెరావల్ రోడ్డులో ఉంది, స్టేషన్‌కి వెళ్తూ చూసుకోవచ్చు. త్రివేణి సంగమం గుడికి దగ్గరే.

సోమనాథ్ సముద్రంలో మాత్రం దిగొద్దు. ఒడ్డు లోతుగా దిగిపోతుంది, కింద లాగుడు ఎక్కువ. సూర్యలంకలో నడుం లోతు దాకా వెళ్లి నిలబడే అలవాటుతో ఇక్కడ దిగితే ప్రాణం మీదికొస్తుంది. 2021లో ఒడ్డున నడకదారి కట్టారు, సాయంత్రం దాని మీద నుంచి చూడ్డమే బాగుంటుంది.

జునాగఢ్ పక్కనున్న గిర్నార్ కొండ గురించి ఒకమాట. జునాగఢ్ సాసన్‌కి దగ్గరే కాబట్టి దత్తాత్రేయుడి పాదుకలు చూడాలని మన దగ్గర నుంచి చాలామంది వెళ్తారు. 2020 అక్టోబరులో రోప్‌వే వచ్చింది. అది అంబాజీ గుడి దాకానే, అంటే సగం దారి. అక్కడ దిగాక దత్త శిఖరానికి ఇంకా వేలల్లో మెట్లున్నాయి, మధ్యలో దిగుతూ మళ్లీ ఎక్కాలి. రోప్‌వే ఎక్కితే పాదుకల దగ్గర దింపుతారనుకుని పెద్దవాళ్లని తీసుకెళ్లి అంబాజీలోనే కూర్చోబెట్టి రావడం మామూలైపోయింది. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు కూడా. కార్తీక ఏకాదశి నుంచి పౌర్ణమి దాకా గిర్నార్ ప్రదక్షిణ, శివరాత్రికి భవనాథ్ మేళా. ఆ రోజుల్లో జునాగఢ్‌లో గది దొరకదు.

డయ్యూ

సమయం ఉంటేనే. నాగోవా బీచ్‌లో కొమ్మలు చీలిన హోకా తాటిచెట్లు, పోర్చుగీసువాళ్ల కోట, రాళ్ల మధ్య అలలు వచ్చి అభిషేకం చేసే గంగేశ్వర్ లింగాలు బాగుంటాయి. స్నానానికి ఘోఘ్లా బీచ్ నయం, బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఉంది. వారాంతాల్లో గుజరాత్ నుంచి మందుకోసం వచ్చే జనంతో నాగోవా నిండిపోతుంది, కుటుంబంతో వెళ్లేవాళ్లు మంగళవారమో బుధవారమో పెట్టుకోవాలి. డయ్యూలో కొన్న సీసా ఒక్కటి కూడా బండిలో ఉండకూడదు. గుజరాత్‌లో మద్యనిషేధం, తిరిగొచ్చేటప్పుడు చెక్‌పోస్టులో డిక్కీ తెరిపిస్తారు.

ద్వారక

ఇక్కడే వేళలు కొంప ముంచుతాయి. ద్వారకాధీశుడి గుడి మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో మూస్తే మళ్లీ సాయంత్రం 5కే. దీవి మీదున్న బేట్ ద్వారక గుడి కూడా మధ్యాహ్నం మూసేస్తారు. సోమనాథ్ నుంచి తెల్లారి బయలుదేరి, పోర్‌బందర్‌లో గాంధీగారి ఇల్లు చూసుకుని, ఒంటిగంటన్నరకి ద్వారక చేరేవాళ్లు రోజూ కనిపిస్తారు. ఇలా పెట్టుకోండి: మధ్యాహ్నం చేరారా, భోంచేసి, తెరిచే ఉందో లేదో కనుక్కుని నాగేశ్వర్ జ్యోతిర్లింగానికి వెళ్లండి, అది పదహారు పదిహేడు కిలోమీటర్లు. అక్కడి నుంచి శివరాజ్‌పూర్ బీచ్, సాయంత్రం వెనక్కొచ్చి ద్వారకాధీశుడు. మర్నాడు పొద్దున్నే బేట్ ద్వారక. నాగేశ్వర్‌లో అభిషేకం చేయించాలనుకునే మగవాళ్లు సంచిలో ఒక ధోవతి పెట్టుకోండి.

ద్వారక గుడిలోనూ ఫోన్లు వద్దు. లోపలికి మోక్షద్వారం, గోమతి ఘాట్ వైపు దిగడానికి స్వర్గద్వారం, అక్కడ 56 మెట్లు. చెప్పులు ఒకవైపు వదిలి ఇంకోవైపు తేలితే ఎండలో ఒట్టికాళ్లతో చుట్టూ తిరిగి రావాలి. శిఖరం మీద 52 గజాల ధ్వజం రోజుకి చాలాసార్లు మారుస్తారు. మార్చే వేళ తెలుసుకుని గోమతి ఒడ్డున నిలబడితే, మనిషి శిఖరం అంచులు పట్టుకుని పైకి పాకడం, పాత ధ్వజం దిగడం, కొత్తది ఒక్కసారిగా గాలికి విచ్చుకోవడం కనిపిస్తాయి. గుడి లోపలి తోపులాటలో దొరికే అరనిమిషం దర్శనం కంటే ఇదే కంటినిండా దక్కుతుంది.

బేట్ ద్వారకకి ఇదివరకు ఓఖా నుంచి పడవే దారి. 2024 ఫిబ్రవరి 25న సుదర్శన్ సేతు తెరిచారు, 2.32 కిలోమీటర్లు. ఇప్పుడు బండిలోనే దీవి మీదికి వెళ్లొచ్చు, దిగాక గుడిదాకా కొంత నడక ఉంటుంది.

శివరాజ్‌పూర్ ద్వారకకి పన్నెండు కిలోమీటర్ల దాకా ఉంటుంది. డయ్యూలో ఘోఘ్లా కాకుండా, ఈ ప్రయాణం మొత్తంలో ధైర్యంగా నీళ్లలో దిగదగ్గ బీచ్ ఏదంటే ఇదే. 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. తెల్లటి ఇసుక, లోతు మెల్లగా పెరుగుతుంది, లైఫ్‌గార్డులు ఉంటారు, స్నానానికి హద్దులు కట్టి ఉంటాయి, బట్టలు మార్చుకునే గదులున్నాయి. ఆ హద్దు దాటి పక్కన రాళ్లవైపు వెళ్లొద్దు.

నరారా

ద్వారక చూసి రైలెక్కేసేవాళ్లు వదిలేసేది ఇది. జామ్‌నగర్ నుంచి ద్వారక వచ్చే దారిలో, వాడినార్ దగ్గర. 1982లో దేశంలో మొట్టమొదటి సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించిన ప్రాంతంలో భాగం. పడవ ఎక్కక్కర్లేదు, మునగక్కర్లేదు. ఆటుకి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడే పగడపు దిబ్బ మీద నడిచి వెళ్లడమే.

వేళ తప్పితే అక్కడ బురద, నీళ్లు తప్ప ఏమీ ఉండదు. కచ్ సింధుశాఖలో ఆటుకీ పోటుకీ మధ్య తేడా మన తీరంలో ఉండేదానికి ఎన్నో రెట్లు. అందులోనూ అమావాస్య, పౌర్ణమి, ఆ వెంటనే వచ్చే పాడ్యమి, విదియల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. అష్టమి చుట్టుపక్కల పెద్దగా తగ్గదు. అంటే తేదీ ఎంచుకోడానికి గోడమీది పంచాంగం చాలు. వేళకి మాత్రం ఆటుపోట్ల పట్టిక చూడాలి. రోజుకి రెండు ఆటులొస్తాయి, ఒక్కోసారి ఒకటి రాత్రిపూట పడుతుంది, రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు పూర్తిగా తగ్గడానికి గంటన్నర ముందే అక్కడుండి, తగ్గే నీటివెంట లోపలికి నడవాలి. నీరు తిరిగిందని గైడ్ అనగానే వెనక్కి రావాలి. అక్కడ పోటు ఎదురుగా అలలా రాదు, వెనక ఉన్న పల్లాలు ముందు నిండుతాయి.

కాళ్లకి లేసులు కట్టుకునే పాత బూట్లు వేసుకోండి. చెప్పులు బురదలో ఉండిపోతాయి, ఒట్టికాళ్లని పగడం కోసేస్తుంది. గేటు దగ్గర అటవీశాఖ అనుమతి, ఊళ్లోని గైడ్ తప్పనిసరి అనుకోండి. గుంటల్లో చూడ్డం నేర్పేది వాళ్లే. మోకాలి లోతు కూడా లేని నీళ్లలో ఒక రాయి ఉంటుంది. ఆ రాయి కన్ను తెరుస్తుంది. తర్వాత దాని రంగు ఎర్రమట్టి నుంచి బూడిదకి మారుతుంది, అప్పుడు తెలుస్తుంది అది ఆక్టోపస్ అని. పువ్వుల్లా విచ్చుకున్న సీ ఎనిమోన్లు నీడ పడగానే ముడుచుకుంటాయి. ఉబ్బే చేపని చేతిలోకి తీసి ఉబ్బించి చూపిస్తామని కొందరు అంటారు, వద్దనండి. దానికి అది ప్రాణభయం. పగడం ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోకూడదు, పులి గోరు తెచ్చుకున్నంత నేరం. పిల్లల జేబులు కూడా చూడండి.

పక్షులంటే ఇష్టమున్నవాళ్లకి జామ్‌నగర్ పక్కనే ఖిజాడియా ఉంది, చలికాలం పొద్దున రెండు గంటలు చాలు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింకని మందలు మందలుగా చూడాలంటే భావ్‌నగర్ వైపు వెళావదర్. అదీ జూన్ 16 నుంచి నాలుగు నెలలు మూసేస్తారు. ఈ దారిలో కలవదు, విడిగా ఒకరోజు కావాలి.

తిండి

పప్పులో బెల్లం వేస్తారని అందరూ భయపెడతారు. అహ్మదాబాద్ వైపు అది నిజమే. సౌరాష్ట్రలో కాఠియావాడీ హోటల్ అని బోర్డు ఉన్నచోటికి వెళ్లండి: సజ్జ రొట్టె, కాల్చిన వంకాయతో చేసే ఓరో, సేవ్ టమాటా కూర, ఎర్రటి వెల్లుల్లి కారం, పెద్ద గ్లాసుతో మజ్జిగ. ఆ వెల్లుల్లి కారం గుంటూరువాళ్లు కూడా రెండోసారి అడుగుతారు. రాజ్‌కోట్, జునాగఢ్ మధ్య గొండల్‌లో పెద్ద మిర్చి యార్డు ఉంది మరి. అన్నం మాత్రం చివర్లో కొంచెమే పెడతారు, ముందే అడిగి పెట్టించుకోవాలి. గుడి ఊళ్లలో మాంసాహారం వెతకొద్దు. రైలుకి పులిహోర, దాంతోపాటు కందిపొడి, గోంగూర పచ్చడి చిన్న సీసాలో. నూనె కారకుండా మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించండి.

తిరుగు ప్రయాణంలో నవజీవన్ అహ్మదాబాద్‌లో రాత్రి కదిలి, మర్నాడు రాత్రి బాగా పొద్దుపోయాక బెజవాడ చేరుతుంది. గుంటూరు, తెనాలి, మంగళగిరి వాళ్లు ఆ వేళకి బస్సుల మీద ఆధారపడకుండా ఇంటి నుంచి ఎవర్నైనా రమ్మనండి, లేదా స్టేషన్ దగ్గరే రాత్రికి రిటైరింగ్ రూమ్ తీసుకోండి. రైలు టికెట్‌తోపాటే దాన్నీ బుక్ చేసుకోవచ్చు.